మొటిమకూ మెతుకుకూ మధ్య

మొహం మీద మొటిమ లేస్తే మన ఇళ్ళల్లో ముందు వినపడే మాట "ఏం తిన్నావు?" అని. తీర్పు కూడా వెంటనే వచ్చేస్తుంది. మామిడిపళ్ళు ఎక్కువయ్యాయి, వేడి చేసింది. వేరుశనగపప్పులు నమిలావు, బజ్జీలు తిన్నావు, కోడికూర పడలేదు. అవన్నీ మానెయ్, మజ్జిగ తాగు, సబ్జా గింజలు నానబెట్టుకో. పద్నాలుగేళ్ళ పిల్ల ఇదంతా విని ఒక్కొక్కటే మానుకుంటూ పోతుంది. చివరికి ఆమెకు మిగిలేవి పెరుగన్నం, టీ, బిస్కెట్లు. మొటిమలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి.

అదే పిల్లను చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి తీసుకెళితే నిన్నమొన్నటి దాకా వేరే జవాబు దొరికేది. తిండికీ మొటిమలకీ సంబంధం లేదు, ఏమైనా తినొచ్చు అని. వైద్య విద్యార్థులకు కొన్ని దశాబ్దాల పాటు నేర్పిన పాఠం అదే. ఈ రెండు మాటల్లో ఏదీ పూర్తి నిజం కాదు. తిండికీ మొటిమకీ లంకె ఉంది. కానీ మనం వేలెత్తి చూపే చోట చాలాసార్లు అది ఉండదు.

ముందు మొటిమ ఎలా పుడుతుందో దగ్గర్నుంచి చూద్దాం. చర్మం మీద ప్రతి వెంట్రుకా ఒక సన్నటి గుంట లోంచి మొలుస్తుంది. అదే రోమకూపం. దాన్ని ఆనుకుని ఒక తైలగ్రంథి ఉంటుంది. ఆ గ్రంథి సీబం అనే జిడ్డును తయారుచేసి రోమకూపం గుండా పైకి పంపుతుంది. మొహం, ఛాతీ, వీపు మీద ఈ గ్రంథులు పెద్దవి, దగ్గర దగ్గరగా ఉంటాయి. ఈడొచ్చే వయసులో ఆండ్రోజెన్ హార్మోన్లు పెరగగానే ఇవి ఇంకా ఉబ్బి, జిడ్డును ఎక్కువగా తయారుచేస్తాయి. ఆండ్రోజెన్లు మగపిల్లల సొత్తే కాదు, ఆడపిల్లల ఒంట్లోనూ ఉంటాయి.

రోమకూపం మూతి దగ్గర లోపలి గోడను కప్పి ఉండే కణాలు మామూలుగా ఒక్కొక్కటీ రాలి, జిడ్డుతో పాటు బయటికి వచ్చేస్తాయి. మొటిమలు వచ్చేవాళ్ళలో ఆ కణాలు ఎక్కువగా పుడతాయి, ఒకదానికొకటి అతుక్కుని మూతికి బిరడాలా పడతాయి. దాని వెనక జిడ్డు పేరుకుంటుంది. అందరి చర్మం మీదా కాపురముండే క్యూటిబ్యాక్టీరియమ్ ఏక్నిస్ అనే సూక్ష్మజీవికి అది పండగ. దాన్ని ఎదుర్కోవడానికి తెల్లరక్తకణాలు వచ్చి చేరతాయి. అప్పుడే ఎరుపు, వాపు, నొప్పి, చీము. బిరడా పైభాగం గాలికి తెరుచుకుని ఉంటే నల్లబడుతుంది. బ్లాక్‌హెడ్ అంటామే, అది. ఆ నలుపుకు కారణం మెలనిన్, ఆక్సీకరణం చెందిన కొవ్వు. అది మట్టి కాదు కాబట్టి సబ్బు పెట్టి ఎంత రుద్దినా పోదు. రుద్దడం వల్ల చర్మం ఒరుసుకుపోయి వాపు పెరుగుతుంది, అంతే.

ఈ కథలో మన విషయానికి ముఖ్యమైనది కాలం. కంటికి కనిపించని ఆ తొలి బిరడా పైకి తేలి మొటిమగా కనిపించడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి రెండు నెలలు. ఆదివారం తిన్న బిర్యానీని సోమవారం లేచిన మొటిమకు అంటగట్టడం ఇందుకే కుదరదు. ఆ మొటిమకు బీజం పడేనాటికి బిర్యానీ ఊసే లేదు. వేసవి సెలవుల్లో ఉక్కపోతా చెమటా ఉంటాయి, మామిడిపళ్ళూ ఉంటాయి, ఏడాదంతా ఉండే కౌమారం కూడా ఉంటుంది. వాటిలో కంటికి ఎదురుగా బుట్టలో కనిపించేది మామిడిపండు గనుక నేరం దాని మీద పడింది.

ఇక డాక్టర్ల మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 1969లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఒక ప్రయోగ ఫలితం అచ్చయింది. చేసినవాళ్ళు ఫుల్టన్, ప్లెవిగ్, క్లిగ్‌మన్. చాక్లెట్ తింటే మొటిమలు వస్తాయన్నది ఆ రోజుల్లో అమెరికాలో ప్రతి తల్లీ చెప్పే మాట. దాన్ని తేల్చడానికి 65 మందిని తీసుకున్నారు. 30 మంది మొటిమల క్లినిక్‌కు వచ్చే కుర్రకారు, 35 మంది జైల్లో ఉన్న యువకులు. మామూలు చాక్లెట్ కన్నా పది రెట్లు ఎక్కువ చాక్లెట్ ఉన్న బార్ ఒకటి, రూపంలో దాన్నే పోలిన చాక్లెట్ లేని బార్ ఒకటి తయారుచేయించారు. ఒక్కోదాన్నీ నాలుగు వారాల పాటు రోజూ తినిపించి మొహం మీద మొటిమలు లెక్కపెట్టారు. 46 మందిలో చెప్పుకోదగ్గ తేడా లేదు, 10 మందికి తగ్గాయి, 9 మందికి పెరిగాయి. చాక్లెట్‌కు మొటిమలతో పని లేదని తేల్చేశారు.

పైకి చూస్తే పద్ధతైన ప్రయోగమే. లోపం ఆ రెండో బార్‌లో ఉంది. అందులో చాక్లెట్ లేకపోయినా చక్కెర ఉంది, కోకో కొవ్వుకు బదులు హైడ్రోజనేటెడ్ వనస్పతి కొవ్వు ఉంది. చక్కెరా కొవ్వూ రెండు బార్లలోనూ ఇంచుమించు సమానం. అలాంటప్పుడు తేడా ఎలా కనిపిస్తుంది? కోకో గింజ ఒక్కటే దోషి కాదని ఆ ప్రయోగం చెప్పగలదు, అంతకు మించి చెప్పలేదు. పైగా దానికి డబ్బు సాయం చేసింది అమెరికా చాక్లెట్ తయారీదారుల సంఘం. కాదనే స్వేచ్ఛ లేని ఖైదీల మీద ప్రయోగం చేయడం ఎంత వరకు న్యాయమన్న ప్రశ్న కూడా ఉంది. ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైల్లో క్లిగ్‌మన్ చేసిన ప్రయోగాల మీద ఆ ప్రశ్న తర్వాతి కాలంలో గట్టిగానే లేచింది. 1971లో ఇంకొక చిన్న పరిశీలన వచ్చింది. 27 మంది విద్యార్థులకు వారం రోజులు చాక్లెట్, పాలు, వేరుశనగ, కోలా లాంటివి ఇచ్చి చూసి, ఏమీ కాలేదన్నారు. మొటిమ పుట్టడానికే వారాలు పడుతుంటే వారం రోజుల్లో ఏం కనిపిస్తుంది? అయినా ఈ రెండింటి ఆధారంగా పాఠ్యపుస్తకాలు తిండి మాటకు తలుపు మూసేశాయి. ఇలాంటి రెండు ప్రయోగాలకు ఒక తరం వైద్యులు అంత బరువు ఇవ్వడం సైన్స్ చరిత్రలో విచారించదగ్గ విషయమని నా అభిప్రాయం.

తలుపు మళ్ళీ తెరిపించిన వార్త పసిఫిక్ మహాసముద్రం నుంచి వచ్చింది. పాపువా న్యూగినీకి చెందిన ట్రోబ్రియాండ్ దీవుల్లో కిటావా అనే చిన్న దీవి ఉంది. అక్కడివాళ్ళ తిండి కందగడ్డలు, చిలగడదుంపలు, చేమ, పళ్ళు, కొబ్బరి, చేపలు. స్టాఫన్ లిండెబెర్గ్ అనే స్వీడన్ వైద్యుడు అక్కడ 1200 మందిని పరీక్షించాడు. వాళ్ళలో 300 మంది 15 నుంచి 25 ఏళ్ళ మధ్య వాళ్ళు. ఒక్కరికీ మొటిమల్లేవు. దక్షిణ అమెరికాలో పరాగ్వే అడవుల్లోని ఆచే తెగలో 115 మందిని రెండేళ్ళకు పైగా గమనిస్తే అక్కడా అంతే. లోరెన్ కార్డెయిన్ బృందం ఈ రెండూ కలిపి 2002లో ప్రచురించింది. వాళ్ళ జన్యువులే అలాంటివేమో అన్న సందేహం రావాల్సిందే. అయితే కెనడా ఉత్తర ధ్రువ ప్రాంతంలో దాదాపు ముప్ఫై ఏళ్ళు పనిచేసిన ఒట్టో షేఫర్ అనే వైద్యుడు 1971లోనే ఇంకో సంగతి రాసిపెట్టాడు. వేట మీద బతికిన ఇన్యూట్ జనంలో మొటిమలు కనపడేవి కావు. ఊళ్ళకు చేరి చక్కెర, మైదా, శీతల పానీయాల తిండికి అలవాటు పడ్డాక వాళ్ళ పిల్లల మొహాల మీద అవి వచ్చాయి. జన్యువులు అవే, మారింది బతుకూ తిండీ.

కిటావా వాళ్ళు తినేదానిలో ఎక్కువ భాగం పిండిపదార్థమే. పిండిపదార్థం శత్రువు అని తేల్చేసేవాళ్ళు ఈ సంగతి దగ్గర ఆగి ఆలోచించాలి. అసలు అడగాల్సిన ప్రశ్న ఆ పిండి రక్తంలోకి ఎంత వేగంగా, ఎంత మొత్తంలో చేరుతోంది అన్నది. ఆ వేగాన్ని కొలిచే పద్ధతిని 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం ప్రవేశపెట్టింది. అదే గ్లైసీమిక్ ఇండెక్స్. గ్లూకోజును 100 అనుకుని మిగతా తిండిని దానితో పోలుస్తారు. ఎంత తిన్నామన్నది కూడా కలిపితే వచ్చే లెక్క గ్లైసీమిక్ లోడ్.

రక్తంలో చక్కెర జోరుగా పెరిగితే ఇన్సులిన్ కూడా జోరుగా విడుదలవుతుంది. ఇన్సులిన్ పని చక్కెరను కణాల్లోకి చేర్చడంతో ఆగదు. ఐజీఎఫ్-1 అనే పెరుగుదల హార్మోను ప్రభావాన్ని అది పెంచుతుంది. ఈ రెండూ కలిసి ఆండ్రోజెన్ల తయారీని ప్రోత్సహిస్తాయి, రక్తంలో ఆండ్రోజెన్లను పట్టి ఉంచే ప్రోటీన్‌ను తగ్గిస్తాయి, తైలగ్రంథిని నేరుగా పనికి పురమాయిస్తాయి, రోమకూపం మూతి దగ్గర కణాలను వేగంగా పుట్టిస్తాయి. ఇంతకుముందు చూసిన బిరడాకూ జిడ్డుకూ రెంటికీ మూలం ఇక్కడ దొరుకుతుంది. దీనికి ప్రకృతే ఒక సాక్ష్యం ఇచ్చింది. లారన్ సిండ్రోమ్ అనే అరుదైన పుట్టుక లోపం ఉన్నవాళ్ళ ఒంట్లో ఐజీఎఫ్-1 బాగా తక్కువ. వాళ్ళకు మొటిమలు రావు. చికిత్సగా ఐజీఎఫ్-1 ఇచ్చినప్పుడు కొందరు స్త్రీలలో మొటిమలు వచ్చాయి, మందు తగ్గిస్తే తగ్గాయి. పీసీఓఎస్ అనే అండాశయాల సమస్య ఉన్న అమ్మాయిలకు మొండి మొటిమలు రావడంలోనూ ఇన్సులిన్ పాత్ర ఉంది. నెలసరి సరిగా రాకపోవడం, గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు మూడూ కలిసి కనిపిస్తే క్రీములు మార్చుకుంటూ కూర్చోకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

తిండి మార్చి చూసిన ప్రయోగాల్లో ఎక్కువగా చెప్పుకునేది మెల్‌బోర్న్‌లో రాబిన్ స్మిత్, నీల్ మన్ బృందం చేసింది. 2007లో వెలువడింది. 15 నుంచి 25 ఏళ్ళ మధ్య 43 మంది మొటిమల కుర్రాళ్ళు, 12 వారాలు. ఒక జట్టు చక్కెరను నెమ్మదిగా వదిలే గింజలు, పళ్ళు, ఎక్కువ ప్రోటీన్ తిన్నది. రెండో జట్టు మామూలు పిండి తిండి తిన్నది. మొదటి జట్టులో మొటిమలు సగటున 23.5 తగ్గితే రెండో జట్టులో 12 తగ్గాయి. రెండో జట్టులోనూ తగ్గాయన్నది గుర్తుంచుకోదగ్గది. ఏమీ చేయకపోయినా మొటిమలు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. అందుకే "నేను ఫలానాది మానేశాను, పోయాయి" అన్న ఒక్కరి అనుభవంతో ఏదీ తేలదు. ఈ ప్రయోగానికి ఒక చిక్కు కూడా ఉంది. మొదటి జట్టు దాదాపు మూడు కిలోలు తగ్గింది. మేలు చేసింది తిండి మార్పా, బరువు తగ్గడమా అన్నది విడదీయడం కష్టం. 2012లో కొరియాలో 32 మంది మీద పది వారాలు చేసిన ప్రయోగంలో చర్మం ముక్క తీసి చూశారు. నెమ్మది పిండి తిన్నవాళ్ళ తైలగ్రంథుల పరిమాణం తగ్గింది. ఇవన్నీ చిన్న ప్రయోగాలు. 2024లో అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ మార్గదర్శకాలు రాసినవాళ్ళు, ఫలానా ఆహారం తినండని సిఫారసు చేసేంత సాక్ష్యం ఇంకా పోగవలేదన్నారు. వాళ్ళ జాగ్రత్త సరైనదే. అయినా చక్కెర తగ్గించడం వల్ల ఎవరికీ నష్టం లేదు గనుక ప్రయత్నించి చూడమని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

ఇప్పుడు మన కంచం దగ్గరికి వద్దాం. పాలిష్ పట్టిన బియ్యపు అన్నం ఇండెక్స్ 70 అనుకుందాం. ఒక పూటకు 300 గ్రాముల అన్నం తింటే అందులో పిండిపదార్థం 84 గ్రాముల దాకా ఉంటుంది. లోడ్ 59 అవుతుంది. ఒక వడ్డనకు 20 దాటితేనే ఎక్కువ అని లెక్క. రాజేంద్రనగర్‌లో పుట్టిన తెలంగాణ సోనా, అంటే ఆర్.ఎన్.ఆర్. 15048 రకం ఇండెక్స్ సుమారు 51. హైదరాబాద్ శాస్త్రవేత్తలు తయారుచేసిన మెరుగుపరచిన సాంబ మసూరి కూడా ఇంచుమించు అంతే. అయినా అదే 300 గ్రాములు తింటే లోడ్ 43. షుగర్ బియ్యం అని పేరు చూసి రెండోసారి వడ్డించుకుంటే లాభం పోయినట్టే. బియ్యం రకం కన్నా అన్నం కొలత ముఖ్యం. తగ్గించిన అన్నం స్థానంలో గట్టి పప్పు, కూర, గుడ్డు, చేప పెరగాలి. చారుతో కలిపిన అన్నం కొండ కన్నా పప్పూ కూరా నిండుగా ఉన్న చిన్న ముద్ద మేలు.

అన్నం కన్నా నాకు ఎక్కువ భయం సాయంత్రం నాలుగు గంటల తిండి మీద. హైదరాబాద్, విజయవాడ ఇంటర్మీడియట్ హాస్టళ్ళలో పిల్లల జేబుల్లో ఉండేది క్రీము బిస్కెట్లు, నూడుల్స్, బన్ను. పావు లీటరు కూల్‌డ్రింకులో పాతిక గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది, అంటే అయిదారు చెంచాలు. పీచూ ప్రోటీనూ లేని ఆ చక్కెర నేరుగా రక్తంలోకి పోతుంది. దానికి బదులు గుగ్గిళ్ళున్నాయి. ఉడికించిన శనగలో, బొబ్బర్లో, పోపు పెట్టి ఉల్లిపాయ ముక్కలు చల్లుకుంటే కడుపూ నిండుతుంది, ఇన్సులిన్ కూడా ఎగిరిపడదు. పొట్టు పెసలతో వేసిన పెసరట్టు ఇంకొకటి. జామకాయ కొరికి తినడం వేరు, జ్యూస్ తాగడం వేరు. రాగిజావ విషయంలో జాగ్రత్త కావాలి. రాగి మంచి గింజే, కానీ మెత్తటి పిండి చేసి, జావ కాచి, బెల్లం కలిపితే అది వేగంగానే ఎక్కుతుంది. బెల్లమైనా తేనె అయినా ఇన్సులిన్‌కు చక్కెరే.

పాల సంగతి కాస్త విచిత్రం. పాల గ్లైసీమిక్ ఇండెక్స్ తక్కువ, అయినా ఇన్సులిన్‌ను బాగా పెంచుతాయి. కారణం పాలలోని వే అనే ప్రోటీన్. డెన్మార్క్‌లో 24 మంది ఎనిమిదేళ్ళ మగపిల్లల్లో సగం మందికి వారం పాటు పాలు ఎక్కువగా, సగం మందికి అంతే ప్రోటీన్ ఉన్న మాంసం ఇస్తే, పాలు తాగినవాళ్ళ ఇన్సులిన్ రెట్టింపయింది, మాంసం తిన్నవాళ్ళది పెరగలేదు. అమెరికాలో 47 వేల మందికి పైగా నర్సులు తమ హైస్కూలు నాటి తిండిని గుర్తు చేసుకుని ఇచ్చిన వివరాల్లో, వెన్న తీసిన పాలు రోజుకు రెండు గ్లాసులకు పైగా తాగినవాళ్ళలో తీవ్రమైన మొటిమలు 44 శాతం ఎక్కువ కనిపించాయి. జ్ఞాపకాల మీద ఆధారపడ్డ లెక్క కాబట్టి దాన్ని కొంచెం తగ్గించే చదవాలి. కాఫీలో పోసుకునే పాలకూ పూటకో కప్పు పెరుగుకూ దీన్ని అంటగట్టి, ఎదిగే ఆడపిల్లకు కాల్షియం లేకుండా చేయడం నాకు సమ్మతం కాదు. జిమ్‌కు వెళ్ళే కుర్రాళ్ళు డబ్బాల్లో కొనే వే పౌడరు మాట వేరు. అది మొదలుపెట్టాక మొటిమలు విరగబూసి, ఆపాక తగ్గిన కేసులను డాక్టర్లు రాసిపెట్టారు. వీపు నిండా మొటిమలతో వచ్చిన కుర్రాణ్ణి ముందు అడగాల్సింది ఆ డబ్బా గురించే.

బి12 ఇంజెక్షన్లు కూడా కొందరిలో మొటిమలు తెప్పిస్తాయి. ఆ విటమిన్ చర్మం మీది సూక్ష్మజీవి నడవడిని మారుస్తుందని 2015లో లాస్ ఏంజెలెస్ పరిశోధకులు చూపించారు. శాకాహారులకు బి12 లోపం ఎక్కువ కనుక మొటిమకు భయపడి దాన్ని సొంతంగా ఆపేయకూడదు. ఇక నూనె. తిన్న నూనె అలాగే వెళ్ళి మొహం మీద తేలదు. తలకు పట్టించి నుదుటి మీదికి కారనిచ్చే నూనె మాత్రం అక్కడి రోమకూపాలను మూసేయగలదు.

ఇవన్నీ చెప్పాక ఒక లెక్క తప్పక చెప్పాలి. బ్రిటన్‌లో 2002లో వచ్చిన కవలల అధ్యయనంలో మొటిమల విషయంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో 81 శాతం జన్యువులదని తేలింది. ఒకే మెస్సులో ఒకే తిండి తినే ఇద్దరు స్నేహితురాళ్ళలో ఒకరి మొహం నున్నగా, ఇంకొకరిది గుంటలు పడి ఉండడానికి కారణం ఇది. రెండో అమ్మాయి చేసిన తప్పేమీ లేదు. ఆమె నాలుక మీద అదుపు లేనిది కాదు. పెళ్ళిచూపుల ముందు నెల రోజులు కడుపు మాడ్చుకునే అమ్మాయిల్ని చూస్తే నాకు బాధ కలుగుతుంది. నెల చాలదు, ఆకలి మందు కాదు. చక్కెర తగ్గించి, మిగతా తిండి నిండుగా తింటూ మూడు నెలలు చూడాలి. ఆ మూడు నెలలూ డాక్టరిచ్చిన మందు ఆపకూడదు. తిండి మందుకు తోడు మాత్రమే. గడ్డల్లాంటి మొటిమలు, మచ్చ మిగిల్చేవి అయితే తిండి ప్రయోగాలతో రోజులు గడపకుండా వెంటనే చికిత్స మొదలుపెట్టాలి. మందుల షాపులో చేతికిచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీము రాసుకుంటే నాలుగు రోజులు మొహం మెరుస్తుంది, తర్వాత కొత్త మొటిమలు వస్తాయి, చర్మం పలచబడుతుంది.

మందుకూ తిండికీ ఇంకో లంకె ఉంది, దాన్ని చాలామందికి ఎవరూ చెప్పరు. మొటిమలకు ఇచ్చే డాక్సీసైక్లిన్‌ను పాలతోనో, ఐరన్ బిళ్ళతోనో, గ్యాస్ మందుతోనో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టేది తగ్గుతుంది. గ్లాసు నిండా నీళ్ళతో మింగాలి, వెంటనే పడుకోకూడదు. మొండి మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్ గర్భంలోని శిశువుకు తీవ్రమైన హాని చేస్తుంది కాబట్టి డాక్టరు పర్యవేక్షణ లేకుండా ముట్టుకోకూడదు. ఆ మందు కొవ్వులో కరుగుతుంది. మామూలు రకం గుళికను ఖాళీ కడుపుతో వేసుకుంటే, కొవ్వు ఉన్న భోజనంతో వేసుకున్నప్పుడు ఒంటికి పట్టే దానిలో సగమో అంతకన్నా తక్కువో పడుతుంది. వేడి చేస్తుందని నూనె, నెయ్యి, గుడ్డు అన్నీ మానేసిన పిల్ల ఇంత ఖరీదైన గుళికను మజ్జిగన్నం మీద మింగుతుంటే, అది పనిచేయడం లేదని మోతాదు పెంచే ముందు డాక్టరు ఆమెను అడగాల్సింది కంచంలో ఏముందని.